ఆ తల్లికి తోడెవరు? ఆడపిల్లల జననాంగ ఛేదనను ఆపడానికి దేశాలు చేసిన ప్రయత్నాలు

అందరికీ నమస్కారం. ఈ విషయం మీద మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు కాస్త మొహమాటపడుతూనే అడిగారు. ఇంతమంది ఎదుట ఈ మాటలు ఎలా పలుకుతారోనన్న సంకోచం వాళ్ళది. నాకు అర్థమైంది. కానీ ఈ ఆచారం ఇన్ని తరాలు బతికిందే ఆ మొహమాటం చాటున. అందుకని ఇవాళ దేన్నీ చుట్టు తిప్పి చెప్పను. వినడం కష్టంగా ఉంటే కాసేపు బయటికి వెళ్ళి రండి, నేనేమీ అనుకోను.

ముందు అసలు విషయం. వైద్యపరంగా ఏ అవసరమూ లేకుండా ఆడపిల్ల బాహ్య జననాంగాన్ని కొంతగానీ మొత్తంగానీ కోసేయడాన్ని జననాంగ ఛేదన అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 4 రకాలుగా విభజించింది. క్లిటోరిస్‌ను, అంటే భగాంకురాన్ని, లేదా దాని మీది పొరను తీసేయడం మొదటిది. దాంతోపాటు లోపలి పెదవులను కూడా కోసేయడం రెండోది. మూడోది అన్నిటికన్నా ఘోరం. కోసి, మిగిలిన చర్మాన్ని దగ్గరికి చేర్చి కుట్టేస్తారు, కొన్నిచోట్ల ముళ్ళతో బిగిస్తారు. గాయం అతుక్కునేదాకా పిల్ల కాళ్ళు రెండూ తుంటి నుంచి చీలమండల దాకా గుడ్డతో కట్టి పడుకోబెడతారు, ఒక్కోసారి వారాల తరబడి. చివరికి మూత్రానికీ నెలసరికీ కలిపి ఒక చిన్న రంధ్రం మిగులుతుంది. ఆ తర్వాత ఆమె మూత్రానికి వెళ్తే చుక్కచుక్కగా పడుతూ ఎంతోసేపు పడుతుంది. పెళ్ళయ్యాక దాన్ని తెరవాలి. కాన్పప్పుడు మళ్ళీ కోయాలి. ఇక సూదితో గుచ్చడం, గీయడం, వాతలు పెట్టడం లాంటివన్నీ నాలుగో రకం కిందికి వస్తాయి.

2024 మార్చిలో యునిసెఫ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఇలా కోతకు గురై ఇప్పుడు బతికి ఉన్న స్త్రీలు, బాలికలు 23 కోట్లకు పైనే. ఆఫ్రికాలో 14 కోట్ల 40 లక్షలు, ఆసియాలో 8 కోట్లు, మధ్యప్రాచ్యంలో 60 లక్షలు. 8 ఏళ్ళ కిందటి లెక్కకన్నా ఇది 3 కోట్లు ఎక్కువ. చాలా దేశాల్లో ఆచారం తగ్గుతున్న మాట నిజమే. కానీ అది గట్టిగా ఉన్న దేశాల్లో ఆడపిల్లల జననాలు ఇంకా వేగంగా పెరుగుతున్నాయి. 2030 కల్లా దీన్ని పూర్తిగా ఆపాలని ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ మాట నిలబడాలంటే ఇప్పటికన్నా 27 రెట్లు వేగంగా పని జరగాలని అదే నివేదిక చెబుతోంది.

దీన్ని ఏ ఒక్క మతానికో కట్టేయకండి. ఇస్లాం కన్నా, క్రైస్తవం కన్నా పాతది ఇది. ఇథియోపియాలో, కెన్యాలో, ఈజిప్టులో క్రైస్తవ కుటుంబాలూ చేయించాయి. ముస్లిం దేశాలు చాలావాటిలో దీని పేరే తెలియదు. ఈజిప్టు ప్రధాన ముఫ్తీగా ఉన్న అలీ గోమా 2007లో ఇది నిషిద్ధమని చెప్పారు.

మరి ఎవరు చేయిస్తున్నారు? చాలాచోట్ల అమ్మే. లేదా అమ్మమ్మ, నాయనమ్మ. పిల్ల మీద ప్రేమ లేక కాదు. తను అనుభవించిన నొప్పి మరిచిపోయీ కాదు. ఆమెను పట్టి ఆడించేది ఒకే ఒక్క భయం. "మా పిల్లను ఎవరు చేసుకుంటారు?" ఈ ప్రశ్న మీకెవరికీ కొత్త కాదు. చుట్టుపక్కల అందరూ కోయించుకున్న ఊళ్ళో, ఒక్క తల్లి తన బిడ్డను వదిలేస్తే ఆ బిడ్డ శుభ్రత లేనిది అనిపించుకుంటుంది, ఆమె చేతి వంట తిననివాళ్ళు ఉంటారు, పెళ్ళి సంబంధం రాదు. కాబట్టి ఇది తప్పని తెలిసిన తల్లి కూడా ఒంటరిగా ఆపలేకపోతుంది. నేను ఏ దేశం విధానాన్ని చదివినా ముందు వెతికేది ఇదే: ఆపాలని మనసులో ఉన్న తల్లికి ఈ చట్టం, ఈ పథకం ఏ రకంగా తోడు నిలబడుతోంది?

తోడు లేని నిషేధం ఏం చేస్తుందో చరిత్రలో రెండుసార్లు స్పష్టంగా కనిపించింది. సూడాన్‌లో 1946లో బ్రిటిష్ పాలకులు కుట్టేసే రకం కోతను నేరం చేశారు. చట్టం వస్తోందని తెలియగానే తల్లిదండ్రులు తొందరపడి పిల్లలకు ముందే కోతలు చేయించారు. రుఫా అనే ఊళ్ళో ఈ కేసులో ఒక స్త్రీని జైల్లో పెడితే ఊరు ఊరంతా తిరగబడింది. కోతను ఆపడానికి తెచ్చిన చట్టం చివరికి పరాయి పాలన మీద తిరుగుబాటుకు కారణమైంది. సూడాన్ మళ్ళీ దేశమంతటికీ వర్తించే నిషేధం తేవడానికి 2020 దాకా పట్టింది.

రెండోది కెన్యాలోని మేరు ప్రాంతంలో జరిగింది. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు. 1956లో బ్రిటిష్ అధికారుల ప్రోద్బలంతో అక్కడి పెద్దమనుషుల సభ, న్జురి న్చెకె, ఆడపిల్లల కోతను నిషేధించింది. ఆ సభలో అందరూ మగవాళ్ళే. ఆ పిల్లలనుగానీ వాళ్ళ అమ్మలనుగానీ అడిగినవాళ్ళు లేరు. అమ్మమ్మలు చేసే పని ఆగిపోయింది. అప్పుడు ఆ ఆడపిల్లలే దుకాణాల్లో బ్లేడ్లు కొనుక్కుని, పొదల్లోకి వెళ్ళి, ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్ళకు ఒక పేరు వచ్చింది, న్గాయితానా. అంటే "నాకు నేనే కోసుకుంటాను" అని. మూడేళ్ళలో 2,000 మందికి పైగా మీద కేసులు పడ్డాయి. పది పన్నెండేళ్ళ పిల్ల చేతిలో బ్లేడు పట్టుకుని తోటి పిల్ల ముందు కూర్చున్న దృశ్యాన్ని ఊహించండి. ఆమెకు ఆ కోత లేకపోతే తను ఎప్పటికీ పెద్దది కాదు, మనిషిగా లెక్కకు రాదు. ఆ లోటును పూడ్చడానికి నిషేధించినవాళ్ళు ఏమీ ఇవ్వలేదు.

అదే మేరు ప్రాంతంలో, 40 ఏళ్ళ తర్వాత, 1996లో థరాకాలో కొన్ని కుటుంబాలు వేరే పని చేశాయి. పిల్లలను ఒక వారం వేరుగా ఉంచి, పెద్ద ఆడవాళ్ళు వాళ్ళకు బతుకు గురించి, ఒంటి గురించి చెప్పి, ఆఖరి రోజు పాటలతో ఆటలతో ఊరి మధ్యకు తెచ్చి "ఈ పిల్ల పెద్దదయింది" అని ప్రకటించారు. పండగ అంతా ఉంది, కోత ఒక్కటే లేదు. దాన్ని అక్కడివాళ్ళు "మాటలతో చేసే సున్తీ" అన్నారు. కెన్యా మహిళా సంఘం మెండెలెయో యా వనావాకే ఈ పద్ధతిని చాలా జిల్లాలకు తీసుకెళ్ళింది. కోత ఈడేరడానికి గుర్తుగా ఉన్న జాతుల్లోనే ఇది పనికొస్తుంది. పసిపాపగా ఉన్నప్పుడే కోసేసేచోట ఏ పండగ పెట్టినా లాభం లేదు.

సెనెగల్ కథ మీలో కొందరు విని ఉంటారు. మలికుండా బంబారా అనే ఊళ్ళో తోస్తాన్ అనే సంస్థ నడిపిన తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు 1997 జులై 31న ఇకమీదట మా ఊళ్ళో ఆపేస్తున్నామని పత్రికల వాళ్ళ ఎదుట ప్రకటించారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాళ్ళను నానా మాటలూ అన్నారు. అప్పుడు దెంబా జావారా అనే ఇమాం ఒక మాట చెప్పారు. ఒక్క ఊరు ఆపితే సరిపోదు, మేం పిల్లను ఇచ్చి పుచ్చుకునే ఊళ్ళన్నీ కలిసి ఆపాలి అన్నారు. అనడమే కాదు, చుట్టాలున్న ఊళ్ళన్నీ కాలినడకన తిరిగారు. 1998లో 13 ఊళ్ళు, దాదాపు 8,000 మంది జనం, జాబుగూలో కలిసి మాట ఇచ్చారు. వియ్యమందే ఊళ్ళన్నీ ఒక్కసారిగా ఆపితే "మా పిల్లను ఎవరు చేసుకుంటారు" అన్న ప్రశ్నకు తావుండదు. చైనాలో ఆడపిల్లల పాదాలను కట్టేసే ఆచారం కూడా ఇలాగే పోయింది. అక్కడ సంఘాలు పెట్టుకుని, మా కూతుళ్ళ పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుక్కి చేసుకోం అని రెండు ప్రమాణాలు చేశారు. రెండో ప్రమాణం లేకపోతే మొదటిది నిలబడేది కాదు. ఈ పోలికను గెర్రీ మాకీ అనే రాజనీతి పండితుడు 1996లో ఎత్తి చూపారు.

అయితే సెనెగల్‌లో అంతా బాగుందని అనుకోకండి. 1999లో చట్టం వచ్చింది. వేల ఊళ్ళు ప్రకటనలు చేశాయి. 2005లో సర్వే చేస్తే 28 శాతం స్త్రీలు కోతకు గురైనవాళ్ళు, 2019లో 25 శాతం. పెద్దవాళ్ళకు జరిగింది వెనక్కి పోదు కాబట్టి ఈ అంకె మెల్లగానే కదులుతుంది. అయినా ఇది సరిపోదు. సభలో మాట ఇచ్చిన కుటుంబం ఆ మాట మీద ఉందో లేదో ఏళ్ళ తరబడి వెంట ఉండి చూసుకునే మనుషులు, దానికి బడ్జెట్టు కావాలి. ప్రకటన రోజున ఉన్నంత డబ్బు, హడావిడి మూడేళ్ళ తర్వాత ఉండవు.

గినియాలో 1965 నుంచే చట్టం ఉంది. ఇప్పటికీ 95 శాతం. సోమాలియాలో 2012 రాజ్యాంగంలోనే నిషేధం రాసుకున్నారు, దాన్ని అమలు చేసే చట్టం లేదు, 99 శాతం. ఈ రెండింటి గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

బుర్కినా ఫాసో దగ్గర చెప్పుకోవలసింది చాలా ఉంది. చాలా పేద దేశం అది. చట్టానికి ముందే, 1990లో, జాతీయ కమిటీని వేశారు, పేరు చెప్పకుండా ఫోన్ చేసే హెల్ప్‌లైన్ పెట్టారు. చట్టం 1996లో వచ్చింది. అప్పట్లో రాసిన జైలుశిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ళు, పిల్ల చనిపోతే 5 నుంచి 10 ఏళ్ళు. కోర్టునే ఊళ్ళోకి తెచ్చి అందరూ చూస్తుండగా విచారణ జరిపారు. 2010లో 76 శాతం ఉన్నది 2021కి 56 అయింది. నాకు వీటన్నిటిలో ముఖ్యంగా కనిపించేది ఆ ఫోన్ నంబరు. అత్తగారికి ఎదురు చెప్పలేని కోడలు, ఇంట్లో నోరెత్తలేని చిన్నమ్మ, ఎవరికీ తెలియకుండా ఒక్క కాల్ చేయొచ్చు. అయితే సరిహద్దు దాటితే మాలిలో చట్టమే లేకపోవడంతో కొందరు పిల్లలను అటు తీసుకెళ్ళారు. కెన్యాకూ ఇదే చిక్కు వచ్చింది. ఉగాండా, టాంజానియా, ఇథియోపియా, సోమాలియాలతో కలిసి 2019లో మొంబాసాలో ఉమ్మడి ప్రణాళిక రాసుకున్నారు.

కెన్యా చట్టంలో ఒక సెక్షన్ ఉంది, న్యాయశాస్త్రం చదివేవాళ్ళు తప్పకుండా చూడాలి. 2011 చట్టం కోసినవాళ్ళకు, చేయించినవాళ్ళకు, తెలిసీ చెప్పనివాళ్ళకు కనీసం 3 ఏళ్ళ జైలో, 2 లక్షల షిల్లింగులకు తగ్గని జరిమానానో, లేదంటే రెండూనో వేస్తుంది. ఇది మామూలే. దాంతోపాటు, కోత చేయించుకోని స్త్రీని ఎగతాళి చేసినా, అవమానకరమైన మాట అన్నా అది కూడా నేరమే అంది. నీటి దగ్గర, సంతలో, పెళ్ళింట్లో ఒక అమ్మాయిని అనే మాటను చట్టం గుర్తించింది. రాసినవాళ్ళకు ఆ తల్లి భయం ఎక్కడుందో తెలుసు. దీంతో కేసులు ఎన్ని పడ్డాయన్నది కాదు నేను చూసేది. "నన్ను అలా అనడానికి నీకు హక్కు లేదు" అని ఒక అమ్మాయి అనగలగడమే పెద్ద మార్పు.

ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని 2017లో తాతు కమావు అనే వైద్యురాలు హైకోర్టుకు వెళ్ళారు. పెద్దయిన స్త్రీ తన ఇష్టంతో చేయించుకుంటే మీకేంటి అన్నది ఆమె వాదన. 2021 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అంతటి సామాజిక ఒత్తిడి ఉన్నచోట ఇష్టం అన్న మాటకు అర్థం లేదన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన తర్కం. 1998లో కెన్యాలో ఇది 38 శాతం, 2022లో 15. అయితే ఈశాన్యంలోని సోమాలీ కుటుంబాల్లో ఇప్పటికీ దాదాపు అందరికీ జరుగుతోంది. కాబట్టి ఆ 15 అన్న సగటు చూసి సంబరపడకూడదు.

ఇప్పుడు ఈజిప్టు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. 1994లో జనాభా మీద అంతర్జాతీయ సదస్సు కైరోలో జరుగుతుండగా, ఒక చిన్నపిల్లకు కోత పెడుతున్న దృశ్యాన్ని టీవీలో ప్రపంచమంతా చూసింది. అప్పటి ఆరోగ్యమంత్రి చేసిన పని ఏమిటంటే, ఆసుపత్రుల్లో చేయించుకోవచ్చని అనుమతి ఇవ్వడం. మంత్రసాని బ్లేడు కన్నా డాక్టరు కత్తి మేలు కదా అన్న ఆలోచన. వినడానికి సమంజసంగానే ఉంటుంది, మీలో కూడా కొందరికి అనిపించి ఉండొచ్చు. తర్వాత ఏడాది అనుమతి వెనక్కి తీసుకున్నారు, 1996లో ఆసుపత్రుల్లో నిషేధించారు. కానీ అప్పటికే ఆచారానికి తెల్లకోటు దొరికేసింది. డాక్టరుగారే చేస్తుంటే తప్పెలా అవుతుందని తల్లి అనుకుంటుంది. మందు ఇచ్చి చేస్తారు కాబట్టి పిల్ల అరవదు. అరుపు వినిపించకపోతే ఆ తల్లి గుండెలో ఉన్న సందేహం కూడా అణగిపోతుంది.

2007లో ఒక పిల్ల, 2013లో ఒక పిల్ల డాక్టర్ల చేతుల్లోనే చనిపోయారు. మొదటి మరణం తర్వాత 2008లో శిక్షా చట్టం వచ్చింది. రెండో కేసులో పులిపిర్లకు వైద్యం చేశానని డాక్టరు చెప్పుకున్నాడు. కింది కోర్టు వదిలేసింది. 2015 జనవరిలో పైకోర్టు శిక్ష వేసింది, దేశంలో అదే మొదటిసారి. 2016లో, 2021లో శిక్షలు పెంచారు. పిల్ల చనిపోతే 20 ఏళ్ళ దాకా జైలు, డాక్టరు అయితే ప్రాక్టీసు మీద నిషేధం, ఆసుపత్రి మూసివేత. వీటిని నేను సమర్థిస్తాను. కానీ చేయించమని అడిగిన తల్లిదండ్రులకూ జైలే కాబట్టి, రక్తం ఆగని పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఇంట్లోవాళ్ళు భయపడే ప్రమాదం ఉంది. పిల్ల ప్రాణం కోసం వచ్చిన కుటుంబానికి తలుపు ఎలా తెరిచి ఉంచాలన్నది శిక్షలు రాసేవాళ్ళు తప్పనిసరిగా ఆలోచించాలి. ఇండోనేషియా కూడా ఇలాగే తడబడింది. 2006లో వైద్య సిబ్బంది చేయకూడదంది, 2010లో ఎలా చేయాలో నిబంధనలు రాసింది, 2014లో వాటిని రద్దు చేసింది, 2024లో ఆచారాన్నే తొలగించాలని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 కోట్ల 20 లక్షల మందికి కోత పెట్టింది ఆరోగ్య కార్యకర్తలే. నర్సింగు విద్యార్థులు ముందు వరసల్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఏ దేశంలో పనిచేసినా ఈ అడ్డగీత మీ చేతుల్లోనే ఉంటుంది.

గాంబియాలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. గెలిచిన చట్టం కూడా ఎంత తేలిగ్గా కదిలిపోతుందో అక్కడ చూశాం. 2015లో నిషేధం వచ్చింది. ఏళ్ళ తరబడి ఒక్కరికీ శిక్ష పడలేదు. 2023 ఆగస్టులో ముగ్గురు ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి 15,000 దలాసీల జరిమానా పడింది. ఒక ప్రముఖ ఇమాం ఆ డబ్బు తాను కట్టి, చట్టాన్ని ఎత్తేయాలని ప్రచారం మొదలుపెట్టారు. 2024 మార్చిలో రద్దు బిల్లు సభకు వచ్చింది. దాన్ని ముందుకు పంపడానికి 42 మంది ఒప్పుకున్నారు, నలుగురు కాదన్నారు. 58 మంది సభలో ఆడవాళ్ళు ఐదుగురే. తర్వాత నాలుగు నెలలు అక్కడి మహిళలు ఊరుకోలేదు. కోతకు గురైనవాళ్ళే కమిటీ ముందుకు వెళ్ళి తమ ఒంటికి ఏం జరిగిందో చెప్పారు. డాక్టర్లు చెప్పారు, మతపెద్దలు చెప్పారు. జులై 15న సభ ఆ బిల్లును తోసిపుచ్చింది. మార్చిలో అటు ఓటేసినవాళ్ళలో చాలామంది జులైలో ఇటు వచ్చారు. అయినా ఆ దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 73 శాతం కోతకు గురైనవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమందికి ఐదేళ్ళ లోపే జరిగిపోయింది. అంటే బడిలో చెప్పే పాఠం ఆ పిల్లకు ఆలస్యంగా అందుతుంది. మాట చేరవలసింది కాన్పుకొచ్చిన తల్లికి, టీకా వేసే నర్సు దగ్గర.

వలసవెళ్ళిన కుటుంబాలున్న దేశాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. బ్రిటన్ 1985లో చట్టం చేసింది. మొదటి శిక్ష పడింది 2019లో. అంటే 34 ఏళ్ళు. ఈ మధ్యలో వాళ్ళు నేర్చుకున్న మంచి విషయం, 2015లో తెచ్చిన రక్షణ ఉత్తర్వులు. సెలవుల్లో పిల్లను విదేశం తీసుకెళ్తారన్న అనుమానం ఉంటే కోర్టు పాస్‌పోర్టు తీసేసుకోవచ్చు. జరిగాక శిక్షించడం కన్నా జరగకముందు ఆపడం ఆ పిల్లకు కావలసింది. ఫ్రాన్స్ ప్రత్యేక చట్టమేదీ లేకుండానే, మామూలు నేరచట్టంతోనే వంద మందికి పైగా శిక్షలు వేయించింది.

ఇక భారతదేశం. షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా సమాజంలో దీన్ని ఖత్నా లేదా ఖఫ్జ్ అంటారు. ఏడేళ్ళ వయసులో చేస్తారు. ప్రత్యేక చట్టం లేదు. పోక్సో కింద, శిక్షాస్మృతి కింద ఇది నేరమేనన్న వాదన ఉంది. 2017లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2018లో అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ నిషేధాన్ని సమర్థించారు. సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. 2019లో శబరిమల సమీక్ష తీర్పుతో ఇది ఇంకా పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్ళింది. ఈ కేసులో రెండు వైపులా బోహ్రా స్త్రీలే ఉన్నారు. ఇది మా మతస్వేచ్ఛ అనేవాళ్ళ సంఘం ఒకవైపు, చిన్నప్పుడు మాకు జరిగింది మా కూతుళ్ళకు వద్దు అనేవాళ్ళ సంఘాలు ఇంకోవైపు. రెండోవాళ్ళలో చాలామంది తమ సమాజంలో వెలి భయాన్ని తట్టుకుని మాట్లాడుతున్నారు. మొదట అడిగిన ప్రశ్నే ఇక్కడా అడుగుతాను, వాళ్ళకు తోడెవరు?

2017 డిసెంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ కోర్టుకు ఇచ్చిన జవాబులో, దేశంలో ఈ ఆచారం ఉందని చూపే అధికారిక లెక్కగానీ అధ్యయనంగానీ లేదని చెప్పింది. ఆ మరుసటి ఏడాదే వీ స్పీక్ ఔట్ అనే బోహ్రా మహిళల సంస్థ చేయించిన అధ్యయనం వెలువడింది. అందులో మాట్లాడినవాళ్ళ కూతుళ్ళలో 75 శాతం మందికి ఇది జరిగింది. చిన్న అధ్యయనం, దేశమంతటికీ వర్తించే లెక్క కాదు. దేశమంతటి లెక్క తేగలిగేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక్కటే. ఆ కోవకు చెందిన సర్వేలు సూడాన్‌లో 1990 నాటికే ఈ ప్రశ్నలు అడిగాయి. ఎవరు అడగాలి, గదిలో ఇంకెవరూ లేకుండా ఎలా అడగాలి, ఏ మాట వాడాలి, అన్నీ అప్పటినుంచి సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లండ్ ఆసుపత్రులు 2014 నుంచి రికార్డుల్లో నమోదు చేస్తున్నాయి. 2019-21లో మన సర్వేవాళ్ళు 6 లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. రక్తహీనత అడిగారు, భర్త కొడతాడా అని అడిగారు, నెలసరికి ఏం వాడతారని అడిగారు. దీని గురించి ఒక్క ప్రశ్న కూడా ఆ పత్రంలో లేదు. నేనైతే ప్రభుత్వాన్ని ముందుగా అడిగేది ఆ ఒక్క ప్రశ్న చేర్చమని.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. మైకు అటువైపు పంపుతున్నాను, వెనక వరసల్లోంచి మొదలుపెడదాం, అడగండి.